కర్రోడి మోకాలు

కమలాపురం దగ్గర గొర్రెలు కాసే నాగమ్మను, అరవై దాటినదాన్ని. ఇంట్లో నేను, కోడలు, నీ కుక్క కర్రోడు. పెనిమిటీ, నువ్వు కాలం చేసి నేటికి ఏడాది.

పోయిన నెల గుంతలో పడి కర్రోడి మోకాలి చిప్ప జారింది. కడపకు తీసుకుపోయాను.

"కోసి సరిచేస్తా. రెండు నెలలు కట్టేయాల," అన్నాడు పశువుల డాక్టరు.

"పుట్టినకాడ్నుంచి తాడెరగడు. కాలు బాగైతాది, కుక్క సస్తాది."

"కొయ్యకుంటే కుంటుతాదవ్వా."

"కుంటనీప్పా. నా మొగుడూ కుంటుతానే మందను కాసినాడు. ఆయప్పను ఎవురన్నా కట్టేసినారా?"

కోయించలేదు. నువ్వేమంటావోనని నెలంతా గుబులుగానే ఉండింది.

నిన్న మందలోకి తోడేలు వచ్చింది. కర్రోడు మూడు కాళ్ల మీదే దాన్ని వంక దాటేదాకా తరిమాడు. గొర్రె ఒక్కటీ పోలేదు.

ఏడాదిగా ఎవరినీ ముట్టనియ్యని నీ గొంగడిని వాడికి పరిచాను.

నాగమ్మ వేలిముద్ర.
సాక్షులు: కోడలు ఈశ్వరమ్మ, జాబు రాసిన మస్తాన్ సాయిబు.