రాయి తియ్యని మూడు రోజులు

ఉప్పలగుప్తం,
జూలై 28.

అమ్మకి హన్నా వందనాలు. ప్రభువు దయవల్ల నేనూ నాన్నా బాగానే ఉన్నాం, నాన్నకి దగ్గు తగ్గింది. నీ మోకాలి నొప్పి సంగతి రాయలేదేం? ఫోనులో చెప్పడానికి నోరు రాని మాటొకటి ఉంది. అందుకే కువైట్ వస్తున్న బ్లెస్సీ అక్క చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ట్రైనింగ్‌లో ఏం నేర్పేరని అడిగావు. నాట్లు వేసే మిషను నడపడం, విప్పడం, బిగించడం. ముప్పై మందిలో ఆడపిల్లలం ముగ్గురమే. మొదటి వారం స్పానరు పట్టి అరచేతులు బొబ్బలెక్కేయి. ఇప్పుడు చప్పుడు వింటే చాలు, లోపమెక్కడో చెప్పేస్తాను.

రామ్మూర్తిగారెలా ఉన్నారనీ అడిగావు. ఏటా నువ్వు నాట్లేసిన తన చేలకి ఆయన మిషను కొన్ననాడు "మరి మాకు పనేదండీ?" అని నువ్వడిగితే, గట్టు మీద అందరి ముందూ ఏమన్నారు? "మిషను నోరు చెయ్యదు. నువ్వు కువైట్ పోయి గిన్నెలు తోముకో." నిజంగానే వెళ్లాల్సొచ్చింది నీకు. నేను ఉద్యోగం కోసం ట్రైనింగ్‌లో చేరేననుకున్నావు. కాదమ్మా. ఆ మిషను ఏదో ఒకనాడు ఆగుతుందని చేరేను.

పోయిన సోమవారం ఆగింది, చేను సగంలో. మెకానిక్కు దొరక్క ఆయనే మనింటికొచ్చి, "కాస్త చూసిపెట్టమ్మా" అన్నారు.

బురదలో దిగి చూసేను. మొక్కని పట్టి నాటే వేళ్ల మధ్య చిన్న రాయి ఇరుక్కుంది. ఐదు నిమిషాల పని. తియ్యలేదు.

"సామాను రాజమండ్రి నుంచి రావాలండీ. మూడు రోజులు పడుతుంది."

"ట్రేల్లో నారు ముదిరిపోతుందమ్మా!"

"ఆయ్, ముదురుతుందండీ."

మూడు రోజులూ ఆయన గట్టు మీద కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే కళ్లారా చూసేను.

గురువారం పొద్దున్నే వెళ్లి రాయి తీసేను. అప్పటికే ఆయన నారు సగం పసుపెక్కింది. పక్కనే అప్పలస్వామి బాబాయి కూలబడి ఉన్నాడు. కౌలు చేసే రెండెకరాలకీ ఈ మిషనునే నమ్ముకుని ట్రేల్లో నారు పెంచేడట. అది ముందు పోసిన నారు, అంతా ముదిరిపోయింది. "సామాను రాకపోతే నువ్వేం చేస్తావమ్మా" అని నన్నే ఓదార్చేడు.

నిన్న బాబాయికి నిజం చెప్పేసేను. "నీ పగ ఆయన మీద కదమ్మా. నా చేనేం చేసింది?" అన్నాడు. అటునుంచటే వెళ్లి బుచ్చమ్మత్త చేలో మిగిలిన నారు అడిగేను. రేపట్నుంచి ఆ రెండెకరాలూ చేత్తో నాటుతాను. నీతో నాట్లకెళ్లిన వాళ్లు నలుగురు వస్తామన్నారు.

రామ్మూర్తిగారికి మాత్రం చెప్పలేదు, చెప్పను. గట్టు మీద ఆయన మొహం తలుచుకుంటే నాకింకా సంతోషంగానే ఉంది. తిట్టమ్మా, గట్టిగా తిట్టు. అయినా ఆ సంతోషం పోయేట్టు లేదు.

ఇట్లు,
నీ కూతురు,
హన్నా