పొయ్యి దగ్గర గంటసేపు

సోమవారం

ప్రియమైన డైరెక్టరమ్మకి,

ఫోనైతే మూడో మాటకే కయ్యం మొదలవుతోంది కాబట్టి, నువ్వన్నట్టే ఉత్తరం రాసి ఫొటోలతో కలిపి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. అక్కడ నువ్వు నటులకి రిహార్సల్స్ చేయిస్తుంటే, ఇక్కడ నేను నీ సినిమాకి ఇల్లు కావాలంటూ గుమ్మం గుమ్మం తిరుగుతున్నాను.

ఒకటి దొరికిందనే అనుకున్నాను. మంచి వెలుతురు, చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. తీరా ఇవాళ మళ్లీ వెళ్తే పక్కనున్న ఇనుప గేట్ల షెడ్డు హోరెత్తిపోతోంది. మొదట వెళ్లింది ఆదివారం! పద్నాలుగేళ్లుగా లొకేషన్లు చూస్తున్నవాణ్ణి, షెడ్డుకి సెలవన్న సంగతే గమనించలేదు. మనం మాటలు అక్కడికక్కడే రికార్డు చేయాలి కాబట్టి ఆ ఇల్లు పోయినట్టే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాడు సినిమాకి ఇల్లు అడిగి చూడలేదు పాపం.

కంగారు పడకు.

జీతం లేని నీ లొకేషన్ మేనేజరు,
మొగుడు కూడా

మంగళవారం

ఏమండీ,

కంగారు పడొద్దని మీరంటే నాకు రెట్టింపవుతుంది. హీరోయిన్ ఇచ్చిన తొమ్మిది రోజులు వచ్చే గురువారం మొదలవుతాయి. అవి దాటితే ఆవిడ మళ్లీ ఏడాది దాకా దొరకదు. ఇల్లు లేకపోతే సినిమా లేదు, నా ఆరేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

ఫొటోల్లోని మిగతా రెండిళ్లూ పనికిరావు. పొయ్యి దగ్గర నిలబడితే హాల్లో కూర్చున్నవాడి వీపు మాత్రమే కనపడాలి. ముఖం కనపడకూడదు. జాబితాలో రాశాను కదా! ఇంతకీ స్క్రిప్టు చదివారా? మీకిచ్చి రెండు నెలలైంది.

ఇట్లు,
నిద్ర పట్టని మీ ఆవిడ

గురువారం

ప్రియమైన కోపిష్ఠిదానికి,

స్క్రిప్టెందుకు? ఏ సినిమాకీ నేను చదవలేదు. 'వంటగది, పగలు. హాలు, సాయంత్రం' అని జాబితా ఉంటే చాలు.

రెండు రోజుల్లో ఐదిళ్లు చూశాను. ఒక రిటైరైన మాస్టారు ఇల్లివ్వడానికి సిద్ధమే, కానీ హీరో తండ్రి వేషం తనకే ఇవ్వాలట. కథలో తండ్రి లేడండీ అంటే "రాయించండి, అదెంత పని?" అన్నాడు. ఏ వంటగదిలోంచి చూసినా ముఖమైనా కనపడుతోంది, అసలు మనిషైనా కనపడటం లేదు. వీపు మాత్రమే కనపడేలా ఇల్లెవరు కడతారే? కెమెరా కాస్త పక్కకి జరుపుకుని సర్దుకుపో.

కాళ్లరిగిన,
నీ వాడు

శుక్రవారం

ఏమండీ,

సర్దుకుపొమ్మని మీరు రాస్తే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నా కెమెరా మీదకి నెట్టకండి. అలాంటి ఇల్లుంది. నాకు తెలుసు.

ఇంకో గుమ్మం ఎక్కేముందు నలభై ఒకటో పేజీ చదవండి. చదివాక కూడా దొరకలేదంటే సినిమా ఆపేస్తాను. ఆ తర్వాత మీ దగ్గరికి తిరిగి రావాలా వద్దా అన్నది కూడా ఆలోచించుకోవాలి.

మీ ఆవిడ

సోమవారం

ప్రియమైన నీకు,

మూడు రోజులు రాయలేకపోయాను. మొదటి పేజీ నుంచి చదివాను, రెండుసార్లు. ఇల్లు దొరికింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికాను. మన ఇల్లే.

నలభై ఒకటో పేజీలో ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి "అమ్మ ఇక కోలుకోదట" అని ఆ వీపుతో చెబుతుంది. అతను ఏవో ఇళ్ల ఫొటోలు తిరగేస్తూ "ఊఁ" అంటాడు. ఆ రోజు నాకు గుర్తే లేదు. అదే సిగ్గుగా ఉంది. అత్తయ్య పోయిన ఏడాది నేను ఏ సినిమాకి ఏ బంగళా చూశానో మాత్రం కిటికీలతో సహా చెప్పగలను.

పాత్ర నిలబడే చోట గంటసేపు నిలబడందే నేను ఏ లొకేషనూ ఖాయం చెయ్యను, నీకు తెలుసు. పెళ్లయిన పదకొండేళ్లలో మన పొయ్యి దగ్గర ఇవాళే నిలబడ్డాను. పక్కింటాయన్ని బతిమాలి నా కుర్చీలో కూర్చోబెట్టాను. వీపే కనపడింది. కాసేపటికి అటు తిరిగే "ఏం కూరండీ?" అన్నాడు. పాపం, ఆయన తప్పేం లేదు. అయినా నాకు ఒళ్లు మండిపోయింది.

వెలుతురు మూడింటి దాకా ఉంటుంది. చుట్టుపక్కల షెడ్లు లేవు. యజమాని ఒప్పుకున్నాడు. ఒక్కటే మాట: నా మీద జాలిపడి సీను మార్చకు. ఆ సీను తీస్తున్నంతసేపూ నేను వీధిలో బళ్లు ఆపుతుంటాను. చూసే ధైర్యం లేదు.

నీ వాడు

మంగళవారం

ఏమండీ,

యూనిట్ గురువారం దిగుతుంది. ఈ ఉత్తరం వెనకాలే నేను రేపు పొద్దున బస్సుకి వస్తున్నాను, ఒక్కదాన్నే. అంతా మర్చిపోయానని మాత్రం రాయను. అమ్మ గురించి ఆ రోజు మొత్తం చెప్పనేలేదు. రేపు చెబుతాను, ఎంతసేపైనా వినాలి.

సీను మార్చను. బళ్లు ఆపడానికి ఇంకెవరినైనా పెట్టండి. నలభై ఒకటో పేజీ తీసేటప్పుడు మీరు పొయ్యి దగ్గర, నా పక్కన నిలబడాలి. కళ్లు మూసుకోకూడదు. ఇది డైరెక్టరు మాట.

మీ ఆవిడ