గదిలోంచి పడవ అగపడాల

ఏమండీ,

మీరు వెళ్ళి తొమ్మిదో నెల నడుస్తోంది. ఇక్కడ నేనూ పాపా క్షేమం. అక్కడ ఎలా ఉందని అడగబోయి మానుకున్నాను... అడిగితే మాత్రం చెప్పే మనిషా మీరు?

మన ఊరి పేరు మార్చారు. బోర్డుల మీద మద్రాసు చెరిపి చెన్నై అని రాస్తున్నారు. మీరుంటే రైలు పెట్టెల మీద అక్షరాలన్నీ మళ్ళీ రాయడానికి చేతినిండా పని దొరికేది.

ముందు పడవ సంగతి చెప్తాను. మీరు మొదట అడిగేది అదే కదా.

రైల్వే క్వార్టర్స్ ఖాళీ చేయమన్నారు. మనిషి పోయాక అది మామూలే, ఎవరినీ అనడానికి లేదు. పెరంబూరులోనే స్టేషన్‌కు అవతలి పక్క మేడ మీద ఒక పోర్షన్ చూశాను. ఎవరెవరు ఉంటారని ఇంటావిడ అడిగితే, నేను, మా అమ్మాయి, ఒక పడవ అన్నాను. ఆవిడ నవ్వలేదు. మెట్లు చూపించింది. ఆ మెట్ల మీద బీరువా ఎక్కడమే గగనం, పడవేం ఎక్కుతుంది?

పాలాయన వచ్చి, గేదెలకు కుడితి తొట్టిగా పనికొస్తుంది, నాకివ్వండమ్మా అన్నాడు. మర్యాదగానే అడిగాడు. ఇచ్చేద్దామనే అనుకున్నాను. కానీ ఒక్కసారైనా నీళ్ళలో వేయకుండా ఎలా ఇస్తాం? అది తేలుతుందో మునుగుతుందో ఎవరికీ తెలియదు. మీకైనా తెలుసా?

రోజంతా వర్క్‌షాపులో రైలు పెట్టెలకు రంగు వేసి, అక్షరాలు రాసి, ఇంటికొచ్చాక పెరట్లో ఆ పడవ పని. మామిడి పలకలు. రంగేమో అచ్చం రైలు పెట్టె రంగు. కూర్చునే రెండు పలకల మీద 1, 2 అని సీటు నంబర్లు కూడా రాశారు. ఎదురెదురు సీట్లు. ఒకటి మీది, ముందుకు చూసేది. రెండు నాది, వెనక్కి చూసేది. నేనెందుకు వెనక్కి చూడాలని గొడవపడితే "నువ్వు నన్ను జూస్కో, దారి నేను జూస్తాలే" అన్నారు.

పడవ అయిపోయాక గది వెతకడం పట్టుకున్నారు. ప్రతి వేసవిలోనూ ఆదివారాలు పళవేర్కాడు బస్సెక్కడం, పులికాట్ సరస్సు ఒడ్డంతా తిరగడం, పొద్దుగూకే వేళకు ఉత్త చేతులతో రావడం. ఒక లాడ్జి నీళ్ళకు దూరం. ఇంకొక దానికి ప్రహరీ గోడ అడ్డం. ఎక్కడికి వెళ్ళినా మీది ఒకటే మాట... "గదిలోంచి పడవ అగపడాల. లేకుంటే ఆ గది మనకొద్దు."

పడవేమన్నా లేచి పారిపోతుందా అని నేను వేళాకోళం చేసేదాన్ని. మీరు నవ్వి ఊరుకునేవారు. వచ్చేటప్పుడు చింతాద్రిపేట మార్కెట్లో దిగి చేపలు కొనుక్కొచ్చేవారు. మీరు జీవితంలో పట్టిన చేపలన్నీ ఆ మార్కెట్లో పట్టినవే.

నాకో అనుమానం ఉండేది. ఇప్పుడు చెప్తున్నాను, ఏమనుకోకండి. పడవ మునుగుతుందన్న భయంతోనే గది వంక పెడుతున్నారని...

సరే, ఆ గది వేట చివరికి నా నెత్తిన పడింది. మినీ లారీ మాట్లాడి, పడవను ఎక్కించి, పాపను వెంటబెట్టుకుని పళవేర్కాడు బయల్దేరాను. లాడ్జి మేనేజరు మంచివాడే. గది ఇస్తానన్నాడు, పడవను సైకిల్ స్టాండులో పెట్టుకోమన్నాడు. అక్కడి నుంచి చూస్తే నీళ్ళు లేవు, సైకిళ్ళే ఉన్నాయి. మీరు పక్కనుండి తల అడ్డంగా ఊపినట్టే అనిపించింది. వద్దని వచ్చేశాను.

ఇక మిగిలింది మీ పెద్దమ్మ కొడుకు చెంగయ్య బావగారి ఇల్లు. సరిగ్గా నీళ్ళ పక్కనే. ఇన్నేళ్ళూ మీరు ఆ ఇంటి పేరెత్తనిచ్చేవారు కాదు. "చుట్టాలింట్లో దిగితే తినడానికే పొద్దు సాలదు, ఇంక చేపలెప్పుడు పట్టేది?" అనేవారు. నాకు వేరే దారి లేక అక్కడే లారీ ఆపించాను.

బావగారి భార్య, అక్కయ్య, అరుగు మీద చాప వేసి మజ్జిగ ఇచ్చింది. బావగారు లారీ వంక చూశారు, పడవ వంక చూశారు, నా మొహం వంక మాత్రం చూడలేదు. ఎందుకో ఒకరు చెప్పనక్కర్లేదు. మీ ఏడాది తిరగలేదు. సంవత్సరీకం పెట్టేదాకా, దీపాలు వెలిగించాక నేను ఇంకొకరి ఇంట్లో ఉండకూడదు. నాకూ తెలుసు. తెలిసే వెళ్ళాను. నేనేమీ నొచ్చుకోలేదు... కాదు, నొచ్చుకున్నాను. పాప తిరిగి వెళ్ళిపోదామని తమిళంలో గొణిగింది.

బావగారు లోపలికి వెళ్ళి, తన దుకాణంలో ఉప్పు బస్తాల మీద కప్పే పెద్ద టార్పాలిన్ భుజాన వేసుకొచ్చారు. నీళ్ళకు పదడుగుల్లో నాలుగు వాసాలు పాతి, గుడారం కట్టేశారు. గుడారానికి గడప లేదు, కాబట్టి అది ఇల్లు కాదట. ఇల్లు కాకపోతే దోషం లేదట. ఈ మాట ఏ శాస్త్రంలో ఉందో నేను అడగలేదు.

అక్కయ్య అన్నం క్యారియరుతో పాటు తన దిండు కూడా తెచ్చుకుని మా గుడారంలోనే ఉండిపోయింది. ఆవిడ ఇంటికి నేను వెళ్ళకూడదు గానీ, నా దగ్గరికి ఆవిడ రావచ్చట. నేను పక్కకు జరిగి ఆవిడ దిండుకు చోటు చేశాను.

ఎండ తగ్గకముందే పడవను నీళ్ళలోకి దించాం. తేలింది. పాప చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఆగకముందే పలకల సందుల్లోంచి నీళ్ళు రావడం మొదలైంది. ఒక చోటని కాదు, అన్ని చోట్లా. చూస్తుండగానే మీ రెండు నంబర్లూ నీళ్ళలో నానుతున్నాయి.

ఒళ్ళు మండిపోయింది. పెరడంతా ఆక్రమించుకుని, ఇన్ని వేసవులు తినేసి, చేసింది ఇదా అనిపించింది. మనిషి ఎదురుగా లేడు, ఎవరి మీద కోప్పడను? కుడితి తొట్టికి కూడా పనికిరాదని పైకే అనేశాను.

బావగారు నవ్వారు. ఏళ్ళ తరబడి ఎండలో పడి ఉన్న చెక్క కదమ్మా అన్నారు. నీళ్ళు నింపి ఒక రాత్రి వదిలేస్తే పలకలు ఉబ్బి సందులు మూసుకుంటాయట. అంతదాకా తాడు కట్టి, అది పూర్తిగా మునిగిపోకుండా, ఒరిగిపోకుండా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలట. పడవ చేసినవాడు ఈ మాట చెప్పలేదా అని అడిగారు.

చెప్పారా?

చెప్పారు... ఏడేడు వేసవులు చెప్పారు. గదిలోంచి పడవ కనపడాలని. ఎందుకో మాత్రం చెప్పలేదు. ఒక్క ముక్క విడమరిచి చెబితే ఏం పోయిందండీ? నన్ను నవ్వనిచ్చి, మీరూ నవ్వి ఊరుకున్నారు.

రాత్రంతా గుడారంలోంచి పడవను కనిపెట్టుకుని ఉండి, తెల్లారి నీళ్ళు తోడిపోశాం. బావగారు అడుగున చెయ్యి పెట్టి చూసి, నన్నూ పెట్టి చూడమన్నారు. కొంచెం చెమ్మ, అంతే. మళ్ళీ నీళ్ళు రాలేదు.

పాప ఒడ్డునే ఉండి ఫోటో తీస్తానంది. బావగారు వెనక నిలబడి గెడ వేశారు. నేను నా రెండో నంబరు సీట్లోనే కూర్చున్నాను, మీరు చెప్పినట్టే వెనక్కి తిరిగి. ఎదురుగా ఒకటో నంబరు. ఖాళీ. "నువ్వు నన్ను జూస్కో" అన్నారు కదా... ఎవరిని చూసుకోను? ఎటు చూపు తిప్పినా ఆ పలక దగ్గరికే వచ్చేది. ఈ తొమ్మిది నెలల్లో ఇంట్లో మీ కుర్చీ ఉంది, మీ చెప్పులున్నాయి, వాటితో నాకేమీ ఇబ్బంది లేకపోయింది. ఆ పలక ముందు మాత్రం ఆగలేకపోయాను. ఏడ్చాను. బావగారు గెడ ఆపి నీళ్ళ వంక చూస్తూ నిలబడ్డారు.

కాసేపటికి లేచి, పడవ ఊగుతుంటే అంచులు పట్టుకుని, ఒకటో నంబరులోకి మారి కూర్చున్నాను. మీ సీటులోంచి సరస్సంతా కనిపిస్తుందండీ. దూరంగా తెల్లటి కొంగలు, ఇంకా దూరంగా ఇసుక మేట. మంచి సీటే ఉంచుకున్నారు మీరు.

గాలం వేశాను. ఒక్క చేపా పడలేదు. వచ్చేటప్పుడు దారి కాకపోయినా చింతాద్రిపేటలో దిగి వంజరం చేప కొన్నాను. మీరు పెట్టిన ఆచారం, నేనెందుకు తప్పాలి?

పడవను బావగారి దగ్గరే వదిలాను. ఇక ఎండనివ్వనని, రోజూ తడి తగిలేలా చూస్తానని మాటిచ్చారు. పాలాయనకు లేదని చెప్పేశాను.

మీ సంవత్సరీకం అయ్యాక మళ్ళీ వెళ్తాను. ఈసారి గుడారం అక్కర్లేదు, ఇంట్లోనే దిగాలని అక్కయ్య మరీ మరీ చెప్పింది. వెనక వైపు గది ఇస్తానంది. బస్సెక్కే ముందు నేను ఆ గది కిటికీ ఎటు వైపు ఉందని ఒకటే అడిగాను.

పడవ కనపడుతుందట.

ఉంటాను,
మీ సుశీల