రెండో బ్యాచి అవిసె పూలు

చోడవరం,
11 ఫిబ్రవరి 2025, మంగళవారం.

శుభ్రత తెలియని పిల్ల చేతిలో ప్లేట్లు పాడైపోయాయని రాసి, కింద సంతకం పెట్టి, నన్ను పనిలోంచి తీసేసింది మీరు. ఆ కాగితం నా దగ్గరే ఉంది. అందుకే ఈ ఉత్తరంలో నమస్కారాలూ క్షేమసమాచారాలూ లేవు. మీరు క్షేమంగానే ఉన్నారని దినపత్రికలో ఫోటో చూస్తే తెలిసిపోయింది.

డాక్టర్ సంతోష్‌కుమార్ గారూ, ఆ ఫోటోలో మీరు తొడుక్కున్న తెల్లకోటు నాది. జేబు మీద నీలం ఇంకు మరకే సాక్ష్యం. దాని చేతులు మీకు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. ఏడాదికోసారి ఫోటోకి తప్ప కోటుతో పని పడని మనిషికి సొంత కోటు ఎందుకులెండి.

నన్ను చేర్చుకున్నది గాజుసామాను కడగడానికి. నేను ఇంటర్ ఫెయిలు. ఆ సంగతి మీరు ఎవరొచ్చినా నా ఎదురుగానే చెప్పేవారు. మీరు విశాఖపట్నంలో కాలేజీ చూసుకుంటూ నెలకోసారి కారు దిగేవారు. మిగతా రోజుల్లో ఎరువుల కొట్టు పైన రెండు గదుల్లో ఉన్న మీ రీసెర్చి సెంటర్లో పని ఎవరు చేసేరనుకున్నారు? ఫోన్లో వీడియోలు చూసి, డబ్బాల మీద ఇంగ్లీషు అక్షరం అక్షరం కూడబలుక్కుని, మొత్తం నేనే నేర్చుకున్నాను. పూలు ఆరబెట్టి పొడి చేసి స్పిరిటులో మూడు రోజులు నానబెట్టడం, వడగట్టడం, ఆ రసంలో చిన్న కాగితం బిళ్ళ ముంచి సూక్ష్మజీవులు పెంచే ప్లేటు మధ్యలో పెట్టడం. రసానికి బలముంటే తెల్లారేసరికి బిళ్ళ చుట్టూ సూక్ష్మజీవులు చచ్చి, ఖాళీ వలయం ఏర్పడుతుంది. లేకపోతే ఏమీ ఉండదు. ఉత్త స్పిరిటులో ముంచిన బిళ్ళ కూడా పక్కన ఒకటి పెట్టాలని మీరు చెప్పలేదు. నేనే పెట్టేను. లేకపోతే వలయం పువ్వుదో స్పిరిటుదో ఎలా తెలుస్తుంది? మీకు ఆ అనుమానమే రాలేదు.

మొదటి బ్యాచి 2023 డిసెంబరులో. మా మేనత్త దేముడమ్మ చెరకు చేను గట్టు మీది అవిసె చెట్ల నుంచి పూలు కోసి, ఇంట్లోనే కడిగి, నీడలో ఆరబెట్టి బుట్టలో తెచ్చింది. వలయం పద్నాలుగు మిల్లీమీటర్లు. మూడుసార్లు చేసేను, మూడుసార్లూ అంతే. ఆ రోజు వడగట్టిన కాగితం పసుప్పచ్చగా గుండ్రంగా ఎంత ముద్దుగా ఉందో, నా నోటుబుక్కులో అంటించుకున్నాను. మా అత్త పేరేటని మీరు ఆరోజు కూడా అడగలేదు. ఆవిడ బుట్టతో మెట్లెక్కి వస్తే, అక్కడ పెట్టి వెళ్ళమ్మా అన్నారు, ఫోన్లోంచి తలెత్తకుండా.

రెండో బ్యాచి మొన్న నవంబరులో. అప్పటికి అత్తకి షుగరు వల్ల కాలి బొటనవేలు దగ్గర పుండు పడింది, గట్టెక్కలేకపోయింది. నేనే వెళ్ళేను. అవే చెట్లు, అదే పొద్దుటి పూట. కోసి సంచిలో వేసుకుని నేరుగా ల్యాబుకి తెచ్చి, మన డిస్టిల్డ్ వాటరులో కడిగేను. వలయం లేదు. నాలుగుసార్లు చేసేను. నాలుగుసార్లూ బిళ్ళని ఆనుకుని సూక్ష్మజీవులు మేట వేసి కూర్చున్నాయి. ఫోన్ చేసి చెప్పేను, ఫోటోలు పంపేను. రీసెర్చి పేపరు ఆపండి, ఏదో తేడా ఉంది, మూడో బ్యాచి చేద్దాం అన్నాను. తేడా పువ్వులో లేదు నీ చేతుల్లో ఉంది అన్నారు. ఆ మాట ఇంకా చెవుల్లో ఉంది. నాలుగు రోజులకి తీసేసిన కాగితం వచ్చింది, నెలకి మీ పేపరు అచ్చయ్యింది. అందులో మొదటి బ్యాచి ఉంది. రెండోది లేదు. ల్యాబు రిజిస్టర్లో ఆ పేజీలు మీరు చింపుకుపోయేరు గానీ ఫోటోలు నా ఫోన్లో ఉన్నాయి.

నా చేతుల్లో ఏ తప్పూ లేదు. ఇంకోసారి రాస్తన్నాను, నా చేతుల్లో ఏ తప్పూ లేదు.

ఉద్యోగం పోయినందుకైతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. బట్టల కొట్లో చేరిపోయేను, బానే ఉన్నాను. జనవరిలో మీరు చోడవరంలో పెట్టిన మీటింగు గురించి రాస్తన్నాను.

నేనూ వచ్చేను ఆ మీటింగుకి, వెనక వరసలో నించున్నాను. మైకు పుచ్చుకుని, పువ్వుని పువ్వుగా మొత్తం వేపుడు చేసుకుని తినండి, ఏదీ తీసెయ్యకండి, ఔషధమంతా అందులోనే ఉందన్నారు. ఆడవాళ్ళందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు చూసేరా? భక్తి అనుకున్నారేమో. నవ్వు ఆపుకోలేక. మధ్యలో కాడ తీసెయ్యకుండా అవిసె పువ్వు వండితే చేదుకి కుక్క కూడా ముట్టదు. ఆ పువ్వు మీద పరిశోధన చేస్తన్న మనిషికి వంటింట్లో దాన్ని ఏం చేస్తారో తెలీదు.

నవ్వింది అక్కడివరకే. తర్వాత మీరు సీసాలు పంచేరు. పూల రసం, పుండ్ల మీద రాయండి, పరగడుపున తాగండి, సైన్సు నిరూపించింది అన్నారు. మా అత్త ముందు వరసలో కూర్చుంది. రెండు సీసాలు తెచ్చుకుంది. నేను వద్దని గట్టిగా చెప్పేను. ఆవిడ నన్ను చూసి జాలిపడింది. ఉద్యోగం పోయిన కోపంతో మాటాడతన్నావు గుంటా, ఆ పూలు నా సేత్తో కోసినియ్యి, నాకు తెలీదేటే అంది. సర్కారు ఆస్పత్రిలో కట్టు మార్పించుకోవడం మానేసింది. షుగరు బిళ్ళలు కూడా మానేసింది. ఆ సంగతి నాకు తెలియకుండా కొత్త గుడ్డ చుట్టుకుని తిరిగింది.

మొన్న ఆదివారం వాసన వచ్చింది. గుడ్డ విప్పితే వేలు నల్లబడిపోయి ఉంది. ఆటోలో అనకాపల్లి తీసుకెళ్ళేను. చెరకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కుని ఆటో నత్తలా నడిచింది. వేలు తీసెయ్యాలన్నారు, ఆలస్యమైతే పాదం అన్నారు. రేపు ఆపరేషను.

వార్డులో మంచం ఎక్కేక ఆవిడ అన్న మాట రాస్తన్నాను, చదువుకోండి.

"నా పువ్వు లోకానికంతటికీ పని సేసింది గానీ, నాకే సెయ్యలేదేటే అశ్వినీ?"

మీ పేపరు చదవలేని మనిషి అడిగింది. మీ పేపరు చదివిన పెద్దలెవరూ అడగలేదు.

ఈ నెల ఇరవైమూడున, ఆదివారం, మాడుగులలో ఇంకో మీటింగు పెడతన్నారని గోడల మీద మీ ఫోటో చూసేను. మళ్ళీ నా కోటే. ఆ మీటింగులో సీసాలు పంచకూడదు. పంచినవాటిని వాడొద్దని, ఆస్పత్రి మందులు మానొద్దని మైకులో మీరే చెప్పాలి. రెండో బ్యాచిలో వలయం రాలేదని కూడా చెప్పాలి.

మీ సెంటర్లో గాజుసామాను కడిగిన,
అశ్విని

తా.క. (14 ఫిబ్రవరి, శుక్రవారం)

పై ఉత్తరం మంగళవారం రాసి, ఆస్పత్రి హడావిడిలో పోస్టు చెయ్యలేదు. ఇప్పుడు ఇంకొంచెం రాయాలి.

బుధవారం అత్తకి బొటనవేలు తీసేసేరు. పాదం నిలిచింది. నిన్న ఆవిడకి గంజి పడతా, ఊసుపోక అడిగేను, మొదటిసారి పూలు ఎలా బాగు చేసేవే అత్తా అని. ఏటడుగుతావు, అందరూ ఎలా సేస్తారో అలాగే అంది. ఉప్పూ పసుపూ వేసిన నీళ్ళలో గడియసేపు ఉంచి తీసేనంది. పువ్వులో పురుగుంటాది కదా, పసుపు నీళ్ళు లేకుండా పువ్వు ఎవరైనా ఇంట్లోకి తెస్తారేటే అంది. ఎంత పసుపు వేసేవంటే, డాక్టరుబాబు కోసం కదాని రెండు గుప్పెళ్ళు ఎక్కువే వేసేను అని మురిసిపోయింది.

గంజి గ్లాసు ఆవిడ చేతికిచ్చేసి లేచేను.

ఇంటికొచ్చి నోటుబుక్కు తీసేను. అప్పుడు అంటించిన వడపోత కాగితం పసుప్పచ్చగా అలాగే ఉంది. అత్త తమలపాకుల డబ్బాలోంచి సున్నం వేలితో తీసి, తడిపి, దాని మీద రాసేను. ఎర్రబడింది. పెళ్ళిలో కాళ్ళకి పెట్టే పారాణి ఎలా చేస్తారో మా ఊళ్ళో పదేళ్ళ పిల్లకి తెలుసు. పసుపూ సున్నమూ కలిస్తే ఎరుపు. నేను కోసి తెచ్చిన పూలు కొన్ని ఎండినవి ఇంట్లో ఉంటే, స్పిరిటులో నానబెట్టి ఆ రసానికీ సున్నం రాసి చూసేను. ఎరుపు రాలేదు.

మీ పద్నాలుగు మిల్లీమీటర్లు అవిసె పువ్వువి కావు. మా అత్త పసుపువి. మీ పేపర్లో మాత్రం పూలు డిస్టిల్డ్ వాటరుతో కడిగినట్టు అచ్చయ్యింది.

ఇప్పుడు రెండో సంగతి. పూలు ఇంటి దగ్గరే కడిగి తెమ్మని అత్తకి చెప్పింది నేను. ఏ నీళ్ళతో అని చెప్పలేదు. నేనూ ఆ ఇంట్లోనే పెరిగేను, పసుపు నీళ్ళలోంచి తీసిన పూలే తిన్నాను, అయినా నాకు తట్టలేదు. తెల్ల పూల కాగితం అంత పచ్చగా ఎందుకుందని అడక్కుండా, ముద్దుగా ఉందని అంటించుకున్నాను. కాబట్టి పైన నా చేతుల్లో ఏ తప్పూ లేదని రెండుసార్లు రాసిన వాక్యం కొట్టెయ్యండి. తప్పు రెండో బ్యాచిలో కాదు, మొదటిదాంట్లో ఉంది, అందులో సగం నాది. అత్త మంచం పక్కన కూర్చుని ఆవిడకి చెప్పేసేను. ఆ బాబు ఒక్కసారి అడిగుంటే పసుపేసేనని సెప్పేదాన్ని కదే అంది. అంతే అంది.

మిగతా ఉత్తరంలో ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యను.

మాడుగులలో మీ పక్కన ఇంకో కుర్చీ వెయ్యండి. దేముడమ్మ కాలికి కట్టుతో వస్తాది, నేను సున్నం డబ్బా, నోటుబుక్కు తెస్తాను. పూలు ఏ నీళ్ళతో కడిగేవమ్మా అని ఆవిడని మైకులో మీరే అడగాలి. ఆవిడ చెప్పాక నా సగం నేను చెప్తాను, మీ సగం మీరు చెప్పండి. ఒప్పుకుంటున్నట్టు పంతొమ్మిదో తారీఖు, బుధవారం సాయంత్రం అయిదు గంటల్లోపు రాతపూర్వకంగా నాకు చేరాలి. చేరకపోతే ఆదివారం ఆ ప్రశ్న నేనే అడుగుతాను, మైకు లేకుండానే.