వ్యాసర్పాడికి గెట్ త్రూ పాఠాలు

వ్యాసర్పాడి,
4-6-1955

మైలాపూరులో ఉండే మా అన్న జనార్దనానికి చెల్లెలు పంకజం దండం పెట్టి రాసేది.

ఈడ అందరం బాగుండాము. హార్బరు దగ్గర ఒక కంపెనీలో టెలిఫోన్ బోర్డు కాడ కూర్చునే పనికి ఇద్దరు ఆడవాళ్లను తీసుకుంటారంట. నేను పోదామని ఉన్నాను. మీ బావ సరే అన్నాడు. మా అత్త కూడా సరే అనింది, మొదటి జీతంలో చీర కొనిపెట్టమని. ఇంగ్లీషు వచ్చునని, నడవడి మంచిదని పెద్దమనిషి ఎవరైనా చీటీ రాసియ్యాలంట. బడిలో ఇంగ్లీషు చెప్పే అన్నను పెట్టుకుని ఇంకెవరిని అడిగేది? వెంటనే రాసి పంపు.

నీ చెల్లెలు,
పంకజం

తా.క.: వద్దని రాసేదుంటే కార్డు దండగ చేయొద్దు. నేను ఎట్లయినా పోతాను.

*

మైలాపూరు,
8-6-1955

చి॥ సౌ॥ పంకజాన్ని అన్న జనార్దనం దీవించి వ్రాయించేది.

వ్రాయించేది అని ఎందుకన్నానంటే, నేను గడ్డం గీసుకుంటూ చెబుతున్నాను, మీ వదిన తాయారు రాస్తూ ఉంది. బడి తరఫున పోయే ఇంగ్లీషు జాబులు కూడా ఆమె చేతే రాయిస్తాను. దస్తూరి గుండ్రంగా ఉంటుంది. అర్థం తెలియదు కనుక అడ్డుప్రశ్నలు వేయదు.

మన ఇంటి ఆడవాళ్లు ఊళ్లోవాళ్లకు హలో చెప్పే పనికి పోయింది లేదు. అయినా నేను పాతకాలం వాణ్ణి కాను. ఇంగ్లీషు వచ్చునని చీటీ ఇవ్వాలంటే ముందు అది వచ్చి ఉండాలి గదా. టెలిఫోన్‌కు ముఖ్యమైనది ‘గెట్ త్రూ’. లైను కలవడం గెట్ త్రూ. పరీక్ష గట్టెక్కడమూ గెట్ త్రూ. ఉన్న సరుకంతా ఖాళీ చేయడమూ, కష్టాన్ని ఎలాగో దాటుకురావడమూ, మొండివాళ్ల బుర్రకు మాట ఎక్కించడమూ, అన్నీ గెట్ త్రూలే. వీటికి సొంతంగా వాక్యాలు రాసి పంపు. చీటీ మాట ఆ తరువాత చూద్దాం.

ఆశీస్సులతో,
జనార్దనం

తా.క.: పైన ఉన్నవి ఆయన మాటలు, ఇది నాది. నువ్వు ఎన్ని వాక్యాలు రాసినా ఆయన ఇంకో పాఠం పెడతారు పంకజం. పెళ్లిచూపుల్లో ఒక్క పాట పాడితే చాలని మూడు పాడించుకున్న మనిషి. - తాయారు

*

వ్యాసర్పాడి,
13-6-1955

పాఠం చెప్పే అన్నకు, పాఠం ఒప్పజెప్పే చెల్లెలు రాసేది.

నువ్వు అడిగిన వాక్యాలు ఇంగ్లీషులో వేరే కాగితం మీద రాసినాను. వాటి తెలుగు ఈడ ఇస్తా ఉన్నాను. నా మొగుడు వారం సరుకు రెండు రోజుల్లో గెట్ త్రూ చేసినాడు. ఈ ఇంట్లో నేను రోజులు ఎట్లో గెట్ త్రూ చేస్తా ఉన్నాను. ఎంత ఏడ్చి చెప్పినా మా అత్తకు గెట్ త్రూ కాదు.

మిగతావి కాగితంలో చూడు. అన్నీ సరిగ్గా ఉండాయి, నాకు తెలుసు. ఇంక చీటీ పంపు.

నీ చెల్లెలు,
పంకజం

తా.క.: అర్జీ పెట్టేసినాను. చీటీ వెనక వస్తుందని చెప్పినాను. నీ పరువు నీ చేతిలో ఉంది.

*

మైలాపూరు,
16-6-1955

చి॥ సౌ॥ పంకజానికి, కడుపు తరుక్కుపోతున్న అన్న వ్రాయించేది.

నీ కాగితం దిద్దబోయి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఇంత కష్టం కడుపులో దాచుకున్నావా తల్లీ? ఉద్యోగం ఉద్యోగం అని నువ్వు ఎందుకు కొట్టుకుంటున్నావో ఇప్పుడు తెలిసింది. కాస్త తిండి తగ్గించుకోమని ఆదిమూలం బావకు ఘాటుగా ఒక ఉత్తరం రాయించాను. ఆదివారం నేనే వచ్చి మీ అత్తగారిని నాలుగు అడుగుతాను. పెట్టె సర్దుకుని నా వెంట వచ్చెయ్. ఉద్యోగమూ వద్దు, చీటీ అంతకన్నా వద్దు. అన్న బతికుండగా నీకేం ఖర్మ?

వాక్యాల్లో తప్పులు మాత్రం లేవు.

ఆశీస్సులతో,
జనార్దనం

తా.క.: ఆదిమూలం అన్నకు రాసిన ఉత్తరం నేను పోస్టు చేయలేదు. పోపులడబ్బా కింద పెట్టాను. ఈయన్ను మాత్రం ఏ డబ్బా కిందా పెట్టలేను, ఆదివారం వస్తారు. - తాయారు

*

వ్యాసర్పాడి,
29-6-1955

అన్నకు పంకజం రాసేది. ఇది వదిన చదివి వినిపించదు, నువ్వే చదువుకో.

ఆదివారం నువ్వు వచ్చి గడపలోనే మా అత్తను నిలదీసినావు. పాపం ఆమెకు ఏమీ అర్థం కాక, “ఎండనబడి వచ్చినావు, ముందు తిను నాయనా” అని నీకు ఎనిమిది దోసెలు పోసింది. మీ బావ నీకు భయపడి ఒక్క దోసెతో లేచినాడు. అవి నువ్వడిగిన వాక్యాలు, నా బతుకు కాదు అని నేను మొత్తుకుంటా ఉంటే, “వాళ్లకు భయపడొద్దమ్మా” అని నా తల నిమిరినావు. నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

పని నాకు వచ్చింది అన్నా. చీటీ మీ హెడ్మాస్టరు ఇచ్చినాడు. వదిన పోయి అడిగింది. బడి జాబులన్నీ రాసే చేయి ఎవరిదో ఆయనకు ముందే తెలుసంట. ఒకటి అడిగితే రెండు రాసిచ్చినాడు.

రెండోది వదినకు.

ఇద్దరం కంపెనీకి పోతే, అక్కడి దొర ఇంగ్లీషులో గబగబా చెప్పి రాసుకోమన్నాడు. నేను సగంలో తడబడినాను. వదిన ఆయన నోరు మూసేలోపల రాసి పెట్టేసింది. ఇంత వేగం ఎట్ల వచ్చిందని దొర అడిగితే, మా ఇంట్లో ఆయన ఇంతకన్నా వేగంగా చెప్తారు అనింది. అర్థం కూడా అడిగినాడు. అంతా చెప్పింది. ఇద్దరినీ తీసుకున్నారు.

ముందే నీకు చెప్పాలని వదిన శానా చూసిందంట. నువ్వు చెప్తానే ఉంటావు గదా, సందు దొరకలేదంట.

నీకు కోపం వస్తుంది, రానీ. నెల రోజులు మాట్లాడకపోయినా సరే, మేము మానుకోము. ఇంగ్లీషు నీ దగ్గరే నేర్చుకున్నాము, అది ఎప్పటికీ మరువము. దాన్ని ఏం చేసుకోవాలో మాత్రం నిన్ను అడగము. సోమవారం నుంచి ఇద్దరం పోతాము.

నీ చెల్లెలు,
పంకజం

తా.క.: సోమవారం మధ్యాహ్నం బడిలో ఫోను మోగితే నువ్వే తియ్యి. వదిన నీతో మాట్లాడాలంట. పాఠం మొదలుపెట్టొద్దు అన్నా. ఊరికే విను.