చల్లగా ఉన్న బల్బు

తమ్ముడూ,

నువ్వు పంపిన బ్యాటరీ, బల్బు, తీగల పెట్టె అందింది. బడి మాన్పించాక నీ మేనకోడలికి ఇప్పుడు అదే లోకం. రెండో కంటికి కూడా ఇక చూపు రాదని డాక్టరు తేల్చేశాడు. మీ బావగారు ఇంకా వేరే డాక్టర్ల కోసం వాకబు చేస్తూనే ఉన్నారు. నాకైతే ఆశ లేదు.

నిన్న అది తడుముకుంటూ తీగలన్నీ తనే కలిపి, "వెలిగిందా అమ్మా?" అంది.

వెలగలేదు. దాని మొహం చూసి, వెలిగిందన్నాను.

అది బల్బును వేళ్లతో పట్టుకుని కాసేపు కూర్చుంది. "చల్లగానే ఉందిగా," అని తీగలు విప్పేసి మళ్లీ కలిపింది. ఈసారి నిజంగానే వెలిగింది. కానీ నన్ను అడగలేదు. వేడెక్కేదాకా వేలు తీయలేదు.

ఇక మీదట మోగేవేమైనా ఉంటే పంపు. నా మాట నమ్మాల్సిన అవసరం దానికి ఉండదు.

అక్క