రెండో చెయ్యి నీదే

తమ్ముడూ,

నేనిక్కడ దుక్కలా ఉన్నాను. ఫోన్లో నా బొంగురు గొంతు విని అమ్మ హడలిపోయిందట. జ్వరమూ కాదు, దిగులూ కాదు, సినిమా చూసి ఏడ్చానని చెప్పు. చిన్నప్పుడు మనం చూసిన జపాన్ బొమ్మల సీరియల్ లేదూ, దాని తరవాతి కథ సినిమాగా వచ్చింది. మన రైలుపిల్ల ఎంత పెద్దదైపోయిందో! సీరియల్లో వారం వారం చేసినట్టే, చివర్లో రైలు కిటికీలోంచి మనకేసి చెయ్యి ఊపింది. అప్పట్లో ఇంట్లో టీవీ ముందు అందరం తిరిగి ఊపేవాళ్ళం కదా, అలాగే నేనూ ఊపేశాను. ఇంట్లో లేనివాళ్ళ వంతు పక్కవాళ్ళు ఊపాలన్నది నాన్న పెట్టిన రూలు కదా, నీ కోసం రెండో చెయ్యీ ఎత్తాను. అందులో పాప్‌కార్న్ డబ్బా ఉందన్న సంగతే మర్చిపోయాను. అదంతా వెళ్ళి ముందు సీటాయన బట్టతల మీద పడింది. ఆయన వెనక్కి తిరిగారు. ఎవరనుకున్నావ్? మా కుట్టుషాపు కటింగ్ మాస్టారు! నవ్వితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండే మనిషి, కళ్ళు తుడుచుకుంటూ, "నీ సంగతి రేపు చెప్తా, ముందు చూడనీ" అన్నారు.

మర్నాడు కత్తెర పక్కన పెట్టి మెల్లిగా అడిగారు, "ఆ రెండో చెయ్యి ఎవరిదమ్మా?" అని. మన ఇంటి రూలు చెప్పేసరికి మళ్ళీ జేబురుమాలు తీశారు.

వంటింటి కుళాయి బాగుచేయించారా? నా నల్ల గొడుగు నువ్వే వాడుతున్నావని తెలుసు, ఇటు వచ్చేవాళ్ళతో పంపించు. నీకు దీవెనలు, పెద్దవాళ్ళకి దండాలు. వాళ్ళిద్దర్నీ ఈ సినిమాకి తీసుకెళ్ళు. చివర్లో నా వంతు చెయ్యి ఎవరు ఎత్తారో మాత్రం తప్పకుండా రాయి.

అక్క